దిగడానికి చోటు

మొన్న సంక్రాంతి వెళ్లాక ఒక పెళ్లికి తెనాలి నుంచి ఒంగోలు పోవలసివచ్చింది. మామూలుగా అయితే మేము పొన్నూరు, బాపట్ల, చీరాల మీదుగానే పోతాం. దారి పొడుగునా చుట్టాలున్న రూటు అది. ఒక ఇంట్లో కాఫీ, ఇంకో ఇంట్లో మజ్జిగ, మరో ఇంట్లో నిష్ఠూరాలు. అవన్నీ పుచ్చుకుంటూ పోతే ముహూర్తం దాటిపోతుందని ఈసారి గుంటూరు చుట్టి హైవే ఎక్కాం.

వెనక సీట్లో అమ్మా నేనూ. అద్దంకి దగ్గర పడుతుండగా డ్రైవరు కుర్రాడు వెనక్కి తిరక్కుండానే, "మామ్మగారూ, బెల్టు పెట్టుకోండి. విమానాల దారిలోకి వచ్చేశాం" అన్నాడు.

"ఈ వయసులో నాకు విమానమేమిటి నాయనా?" అంది అమ్మ.

"మీరు ఎక్కక్కర్లేదండీ. ఇప్పుడు మనం పోయే రోడ్డే రన్‌వే. ఇక్కడ విమానాలు దిగుతాయి."

నేను నవ్వాను గానీ అమ్మ నవ్వలేదు. కిటికీ అద్దం మీద అరచెయ్యి ఆనించి ఆ కాంక్రీటు రోడ్డు వంక చూస్తూ కూర్చుంది. కాసేపాగి, "నిజంగా దిగుతుందా?" అని అడిగింది. దిగుతుందన్నాడు అబ్బాయి. "చక్రాలు నేలకి ఆనించి దిగుతుందా, పైపైన పోతుందా?" అని మళ్లీ అడిగింది. పెళ్లికి చేరేలోపు అదే ప్రశ్న మూడుసార్లు అడిగింది. అమ్మ అలా ఎందుకు అడిగిందో నాకు తెలుసు. మీకూ చెబుతాను. దానికన్నా ముందు ఆ రోడ్డు సంగతి చెప్పాలి.

కొరిశపాడు, రేణంగివరం ఊళ్ల మధ్య 16వ నంబరు జాతీయ రహదారిలో ఒక ముక్కను విమానాలు దిగడానికి వీలుగా కట్టారు. పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. 2022 ఏప్రిల్లో మన బాపట్ల జిల్లా కొత్తగా ఏర్పడ్డప్పుడు ఆ జిల్లాలోకి వచ్చిందది. 2022 డిసెంబరు 29న వైమానిక దళం వారు మొదటిసారి పరీక్షించారు. 2024 మార్చి 18న మళ్లీ వచ్చారు. ఆ రోజు సుఖోయ్, హాక్ విమానాలు దిగుతున్నట్లే వచ్చి పైకి లేచిపోయాయి. ఏ.ఎన్.32, డోర్నియర్ రవాణా విమానాలు మాత్రం నిజంగానే దిగి, నిజంగానే లేచాయి. యుద్ధం వస్తే సరే, తుపానో వరదో వచ్చినప్పుడు కూడా సహాయం చేరవెయ్యడానికి ఇలాంటి చోట్లు కావాలట. మిగతా రోజుల్లో ఆ రన్‌వే మీద లారీలూ, బస్సులూ, పెళ్లికి ఆలస్యమైన మా కార్లూ పోతుంటాయి.

పెళ్లి నుంచి వచ్చాక రాయవలసిన నవల పక్కన పెట్టేసి రన్‌వేల గురించి చదవడం మొదలెట్టాను. నవల రాయకుండా ఉండడానికి నాకు ఏదో ఒక సాకు కావాలని మా వారంటారు. అది వేరే సంగతి.

చదివిన కొద్దీ తమాషాగా అనిపించింది. రోడ్డూ రన్‌వే ఒక్కటే అవడం మన గొప్పేనేమో అనుకున్నాను గానీ, స్పెయిన్ కొసన ఉన్న జిబ్రాల్టర్‌లో ఊళ్లోకి వచ్చే పెద్ద రోడ్డు సరిగ్గా రన్‌వేను అడ్డంగా కోస్తూ పోతుంది. విమానం వచ్చే వేళకు అచ్చంగా మన రైలు గేటు వేసినట్లే గేటు వేసేసేవారు. కార్లు ఇటూ అటూ ఆగిపోయేవి. తెనాలిలో గేటు పడ్డప్పుడు మనం ఎలా విసుక్కునేవాళ్లమో వాళ్లూ అలాగే విసుక్కుని ఉంటారు. కాకపోతే మన కళ్లముందు గూడ్సుబండి పోయేది, వాళ్ల కళ్లముందు విమానం పోయేది. 2023 మార్చి చివర్లో కింద సొరంగం దారి తెరిచాక బండ్లన్నీ దాని గుండా పోతున్నాయి.

ఇంకో చోటు స్కాట్లాండులోని బారా దీవి. అక్కడ రన్‌వే అంటూ కట్టిందే లేదు. సముద్రపు ఒడ్డున ఇసక మీదే విమానం దిగుతుంది. మన సూర్యలంక బీచిలో విమానం దిగిందనుకోండి, అలాగన్నమాట. ఇసకలో కర్రలు పాతి మూడు దారులు గుర్తుపెట్టారు. పోటు వచ్చిందంటే మూడూ నీళ్ల కిందికి పోతాయి. అందుకని విమానాల టైము టేబులును సముద్రం పోటుపాట్లను బట్టి వేసుకుంటారు. 1936 నుంచీ ఇదే వరస. మన నిజాంపట్నం జాలరులకు ఈ లెక్క చెబితే ఏమీ ఆశ్చర్యపోరు. వాళ్ల పడవలూ ఆ లెక్కమీదే కదా కదులుతాయి!

ఇక అసలు చెప్పవలసింది ఆర్క్‌నీ దీవుల విమానం సంగతి. అదీ స్కాట్లాండే. వెస్ట్రే అనే దీవి నుంచి పాపా వెస్ట్రే అనే బుల్లి దీవికి రోజూ విమానం నడుస్తుంది. మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. టైము టేబులులో ప్రయాణం రెండు నిమిషాలని వేస్తారు. గాలి అనుకూలంగా ఉన్న ఒక రోజున 53 సెకన్లలో దిగిపోయిందట. ప్రపంచంలో ఇంతకన్నా చిన్న విమాన సర్వీసు లేదు. ఎనిమిది మంది పట్టే చిన్న విమానం. కొందరికి పైలటు పక్కనే చోటు దొరుకుతుంది. 1967 నుంచీ నడుస్తోంది.

ఇది మొదటిసారి చదివినప్పుడు పగలబడి నవ్వాను. రెండు నిమిషాలకు విమానమెక్కడమేమిటండీ! మనం స్టౌ మీద పాలు పెట్టి, వీధిలో కూరగాయల బండి పిలిస్తే వెళ్లి వచ్చేంత సేపు కూడా కాదు. ఎవరన్నా డబ్బున్న మారాజుల సరదా అయి ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే అందులో ఎక్కేది పంతులమ్మలు, డాక్టర్లు, బడిపిల్లలు. పాపా వెస్ట్రేలో ఉన్న జనమే నూరు మందికి లోపు. సముద్రం గట్టిగా పొంగిన రోజున పడవ కదలదు. అలాంటి రోజున విమానమే వాళ్ల దారి.

నా నవ్వు అక్కడ ఆగిపోయింది. నాకు పెనుమూడి రేవు గుర్తొచ్చింది.

మా అమ్మ పుట్టిల్లు రేపల్లె తాలూకాలో సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. మా అమ్మమ్మ చెల్లెల్ని కృష్ణకు అవతల అవనిగడ్డ వైపు ఇచ్చారు. పెనుమూడి రేవులో నిలబడితే అవతలి ఒడ్డున పులిగడ్డ వైపు చెట్లు కనిపిస్తూనే ఉంటాయి. కళ్లకు కనిపించే ఊరికి పడవ మీద పోవాలి. పడవ లేకపోతే రేపల్లె నుంచి తెనాలి, తెనాలి నుంచి బెజవాడ పోయి, కృష్ణ దాటి, మళ్లీ అంత దూరమూ కిందికి దిగి రావాలి. నూరు కిలోమీటర్ల పైమాటే! వంతెన పడ్డదాకా అంతే. నా చిన్నప్పుడు మా అమ్మమ్మ సారె బుట్టలు ఒళ్లో పెట్టుకుని రేవు మెట్ల మీద కూర్చుని అంటూండేది: "దాటేది అరగంట, కూర్చునేది అరపూట" అని. వరదల రోజుల్లో అరపూట కాస్తా వారమయ్యేది. అవతల పురిటి నొప్పులు పడుతున్న కూతురుండేది, ఇవతల తల్లి ఉండేది. మధ్యలో కృష్ణమ్మ.

వెస్ట్రేలో వాళ్లు రెండు నిమిషాల్లో దాటేది కూడా అచ్చంగా ఒక రేవే. పడవకు బదులు విమానం కట్టుకున్నారు, అంతే.

ఆ మాటకొస్తే నేను మొదటిసారి విమానమెక్కిన ముచ్చట కూడా అరగంట, అరపూట బాపతే. 2005లో గన్నవరం నుంచి హైదరాబాదు బేగంపేటకు వెళ్లాను. రెండు పంకాలు తిరిగే చిన్న విమానం. రేపల్లెలో తెల్లవారక ముందే బయల్దేరాం. తెనాలికి ప్యాసింజరు, తెనాలి నుంచి బెజవాడకు ఇంకో బండి, స్టేషన్లో దిగి గన్నవరానికి ఆటో. నాలుగు గంటలు పట్టింది. సాగనంపడానికి అమ్మా, బాబాయీ, ఇద్దరు పిల్లలూ వచ్చారు. టిఫిను క్యారేజీలో పులిహోర కూడా వచ్చింది. విమానం దాకా నేలమీద నడిచిపోయి, నాలుగు మెట్లెక్కి కూర్చున్నాను. కిటికీలోంచి కాలవలూ, వరిమళ్లూ బొమ్మలకొలువులో పరిచిన గళ్ల చీరలా కనిపించాయి. ఇంకా చూడాలనుకునేంతలో మబ్బులు, మబ్బులయ్యేంతలో బేగంపేట. గంట కూడా కాలేదు. పులిహోర డబ్బా మూత తియ్యనే లేదు.

ఎంత దూరం పోయామన్నది లెక్కా, ఎంత అడ్డు దాటామన్నది లెక్కా అని అప్పటినుంచీ నాకొక అనుమానం. చరిత్ర చూస్తే రెండోదే అసలు లెక్కలా కనిపిస్తుంది. ప్రపంచంలో మొట్టమొదటిసారి ప్రభుత్వ తపాలా విమానంలో పోయింది ఎక్కడో తెలుసా? లండన్లోనూ కాదు, పారిస్‌లోనూ కాదు, మన అలహాబాదులో! 1911 ఫిబ్రవరి 18న అక్కడ ఒక ప్రదర్శన జరుగుతుంటే హెన్రీ పెకే అనే ఫ్రెంచి కుర్రాడు ఆరున్నర వేల ఉత్తరాలు కట్టుకుని అవతలి నైనీకి ఎగిరాడు. మధ్యలో ఉన్నది యమున. ప్రయాణం పదమూడు నిమిషాలు. అంటే విమానం టపా మొయ్యడం మొదలెట్టింది కూడా ఒక నది దాటడంతోనే.

తర్వాత 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడుపుకుంటూ వచ్చాడు. అక్కడి నుంచి నెవిల్ వింట్‌సెంట్ దాన్ని బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. బొంబాయిలో వాళ్లు దిగిన జుహూ మైదానం ఒట్టి బురదనేల. వానాకాలం వస్తే నీళ్లలో మునిగిపోయేది. ఆ నాలుగు నెలలూ సంసారం ఎత్తుకుని పూనా పోయేవారు. ఆ కంపెనీ మొదటి ఏడాది మోసిన ప్రయాణికులు మొత్తం కలిపి 155 మంది. మన రేపల్లె ప్యాసింజరులో ఒక్క పెట్టెలో అంతమంది ఎక్కిన రోజులున్నాయి!

మన జిల్లాల్లోకి విమానాలు యుద్ధంతో వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం నాడు గన్నవరం, తాడేపల్లిగూడెం, దొనకొండల్లో రన్‌వేలు వేశారు. యుద్ధం ముగిసింది, విమానాలు పోయాయి, రన్‌వేలు మిగిలాయి. గన్నవరానికి మాత్రం అదృష్టం కలిసొచ్చి ప్రయాణికుల విమానాలు వచ్చాయి. తాడేపల్లిగూడెంలో రన్‌వే మీద జనం పొద్దున్నే నడకకు పోతారు. 1981లో చిన్న ఊళ్లను కలపడానికని ప్రభుత్వం వాయుదూత్ అనే సంస్థ పెట్టింది. పందొమ్మిది మంది పట్టే డోర్నియర్ విమానాలు నడిపింది. విజయవాడ, రాజమండ్రి లాంటి ఊళ్లకు అవి వచ్చేవి. 1990ల్లో ఆ సంస్థ మూతపడింది. కొరిశపాడు రోడ్డు మీద 2024లో దిగింది కూడా ఆ డోర్నియర్ జాతిదే.

ఇన్ని రన్‌వేలు చెప్పుకున్నాం కదా, తెనాలికీ బాపట్లకూ రేపల్లెకూ మాత్రం ప్రయాణికుల విమానం ఏనాడూ రాలేదు. రేపల్లెకు 1916లో రైలు వచ్చింది, ఆ పట్టాలు అక్కడితో ఆగిపోయాయి. అవతల నది, కింద సముద్రం. విమానమన్నది మా వాళ్లకు ఆకాశంలో పోయే చప్పుడు మాత్రమే. ఒక్కసారి మాత్రం ఆ చప్పుడు మా వాళ్ల నెత్తి మీదికి వచ్చింది.

1977 నవంబరు 19. ఆ తేదీ చెబితే కృష్ణా, గుంటూరు జిల్లాల తీరంలో పెద్దవాళ్లు ఇప్పటికీ మాట మధ్యలో ఆపేస్తారు. దివిసీమలో ఉప్పెన తాటిచెట్టంత ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. పదివేల మందికి పైగా పోయారు. రేపల్లె, బాపట్ల తాలూకాలు కూడా దెబ్బతిన్నాయి. నేనింకా పుట్టలేదు. అమ్మకు పదిహేడేళ్లు. వాళ్లిల్లు మెరక మీద ఉండడం వల్ల మనుషులు మిగిలారు. గాలికి లేచిన రేకు ఒకటి వచ్చి అమ్మ తమ్ముడి కాలికి తగిలింది. వాడికి తొమ్మిదేళ్లు. పిండి కట్టు కట్టినట్లు ఏదో పసరు వేసి కట్టారు. అప్పటికి అంతకంటే ఏముంది?

ఊరి చుట్టూ ఉప్పునీళ్లు, బురద. రోడ్డు ఏదో, పొలం ఏదో తెలియదు. తాగడానికి రాలిపడ్డ కొబ్బరిబొండాలే దిక్కు. కొన్నాళ్లకు ఒక పొద్దున చప్పుడు వినిపించింది. హెలికాప్టరు. ఊరు ఊరంతా మెరక మీదికి వచ్చి తువ్వాళ్లూ, చీర కొంగులూ ఊపారు. అప్పటికే పిల్లవాడికి జ్వరం, దవడలు బిగుసుకుంటున్నాయి. మా తాతయ్య వాణ్ణి రెండు చేతులతో పైకెత్తి చూపించాడట. అది ఊరి మీద రెండు చుట్లు తిరిగింది. ఆహారం పొట్లాలు విడిచింది. కొన్ని నీళ్లలో పడ్డాయి, కొన్ని చేతికందాయి. తర్వాత వెళ్లిపోయింది.

"పాపం, వాళ్ల తప్పేముందే? దిగడానికి చోటేదీ?" అంటుంది అమ్మ. ఎప్పుడు చెప్పినా ఆ మాటతోనే ముగిస్తుంది. ఆ పొట్లాలే తమను బతికించాయని కూడా చెబుతుంది. మర్నాడు నలుగురు మనుషులు నులకమంచం మీద పిల్లవాణ్ణి మోసుకుని మొలలోతు నీళ్లలో బయల్దేరారు. తెనాలి ఆస్పత్రి మహా అయితే యాభై కిలోమీటర్లు. రేపల్లె కూడా చేరలేదు.

మా ఇంట్లో ఆ మామయ్య ఫోటో లేదు. బడిలో తీయించిన గ్రూపు ఫోటో ఒకటి ఉండేదట, అది నీళ్లలో పోయింది. అమ్మ చెప్పిన మాటలే మా దగ్గర ఉన్నాయి.

రన్‌వేల గురించి చదువుతుంటే ఒకచోట నా కళ్లు ఆగిపోయాయి. 1933 మే 14న, ఆ స్కాట్లాండులోనే, ఐలా అనే దీవిలో ఒక జాలరికి కడుపులో ప్రాణం మీదికి వచ్చింది. ప్రయాణికుల కంపెనీ విమానం ఒకటి వెళ్లి అతణ్ణి గ్లాస్గో వైపు ఆస్పత్రికి చేర్చింది. అక్కడ విమానాలు అంబులెన్సులుగా నడవడం దానితో మొదలైందని చెబుతారు. మా మామయ్య కన్నా 44 ఏళ్ల ముందు మాట. బారా దీవిలో ఇసక రన్‌వేకు దీపాలు లేవని, రాత్రిపూట సర్వీసులు నడపరని చదివాను. కానీ ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, ఒడ్డున కార్లు నిలబెట్టి హెడ్‌లైట్లు వేస్తారట. ఇసక మీద మెరిసే పట్టీలు పరుస్తారట. ఆ వెలుతుర్లో విమానం దిగుతుందట.

విమానాలు వాళ్ల దగ్గరే ఉన్నాయా? మన దగ్గరా ఉన్నాయి. ఆ పొద్దున మా ఊరి మీద తిరిగిందీ యంత్రమే, అందులో కూర్చున్నవాళ్లూ దయగల మనుషులే. లేనిది జానెడు గట్టి నేల. ఆపద రాకముందు తీరిగ్గా ఉన్న రోజుల్లో ఎవరో ఆలోచించి, గీత గీసి, కొలిచి సిద్ధం చేసి ఉంచవలసిన నేల.

పెళ్లి నుంచి తిరిగి వస్తున్నప్పుడు కూడా అదే దారిన వచ్చాం. సాయంత్రమైంది. మిరపకాయ బస్తాల లారీ ఒకటి మమ్మల్ని దాటుకుని పోయింది. కాంక్రీటు మీద చక్రాల చప్పుడు మారగానే అమ్మ తలెత్తింది.

నా ఫోనులో 2024 నాటి వీడియో తీసి చూపించాను. డోర్నియరు దూరాన చుక్కలా కనిపించి, పెద్దదై, కిందికి వాలి, చక్రాలు ఆనించి, రోడ్డు మీద పరుగెత్తింది. అమ్మ కళ్లజోడు సవరించుకుని చివరిదాకా చూసింది. మళ్లీ మొదటినుంచి పెట్టమంది. రెండోసారి చక్రాలు నేలకానిన చోట చూపుడువేలు పెట్టి ఆపమంది. ఆపాను.

"దిగింది" అంది.

ఫోను నా చేతిలో పెట్టి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. డ్రైవరు అబ్బాయి అద్దంలోంచి చూసి, "మామ్మగారూ, ఒక్క నిమిషం ఆపమంటారా?" అన్నాడు.

"వద్దు నాయనా. విమానాల దారిలో బండి ఆపగూడదు. పోనియ్యి" అంది అమ్మ.